ఆడవాళ్ళ నేరాలు పెరిగాయా, అరెస్టులు పెరిగాయా?

సందేహాలపుట్ట
ఒక వాదన తెగక ఇక్కడ పెడుతున్నాను. ప్రపంచ జైళ్ళలో ఆడవాళ్ళ సంఖ్య 2000 నుంచి దాదాపు 60 శాతం పెరిగిందని చదివాను. అదే కాలంలో మగ ఖైదీలు పెరిగింది 22 శాతం మాత్రమే. మా టీమ్‌లో ఒకాయన దీన్ని పట్టుకుని, "చదువులొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి, చేతిలో డబ్బు ఆడుతోంది, ఇక అన్నిట్లోనూ సమానమే, నేరాల్లోనూ" అని తేల్చేశాడు. వినడానికి లాజిక్ బాగానే ఉంది కానీ నాకెందుకో మింగుడు పడలేదు. చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ళేనా ఈ జైళ్ళకి వెళ్తున్నది? లెక్కలు తెలిసినవాళ్ళు, కోర్టులు తెలిసినవాళ్ళు చెప్పండి.

గోడమీదపిల్లి
ఇందులో తెలియనిది ఏముందండీ? ధైర్యం వచ్చింది, తెగిస్తున్నారు. దీనికి ఇంత రీసెర్చ్ ఎందుకు?

లెక్కలపిచ్చి
పిల్లిగారూ, కాస్త ఆగండి. ముందు ఆ 60 శాతం సంగతి చూద్దాం.

2022 నాటి లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద జైళ్ళలో ఉన్న ఆడవాళ్ళు, బాలికలు కలిపి 7,40,000 పైచిలుకు. మొత్తం ఖైదీల్లో వీళ్ళు 6.9 శాతం, అంటే నూటికి ఏడుగురు కూడా లేరు. మొదట్లో సంఖ్య చిన్నదైతే కొంచెం పెరిగినా శాతం భారీగా కనిపిస్తుంది. పెరగలేదని నేననడం లేదు, గట్టిగానే పెరిగింది. కానీ "సమానం" అనే మాట వాడాలంటే ఇంకా చాలా దూరం ఉంది. హత్యల విషయానికొస్తే, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2019 నివేదిక ప్రకారం అనుమానితుల్లో సుమారు 90 శాతం మగవాళ్ళే.

ఇక మీ సహోద్యోగి థియరీకి యాభై ఏళ్ళు. 1975లో అమెరికాలో ఒకే ఏడాది రెండు పుస్తకాలు వచ్చాయి. ఆడవాళ్ళు బయటి ప్రపంచంలోకి వచ్చేకొద్దీ నేరాల్లోనూ మగవాళ్ళకి దగ్గరవుతారని ఫ్రీడా ఆడ్లర్ రాసింది. రీటా సైమన్ అంత దూరం వెళ్ళలేదు. హింస పెరగదు, డబ్బు చేతులు మారే చోట ఉద్యోగాలు దొరికితే డబ్బు నేరాలు పెరుగుతాయని ఆవిడ అంచనా. పత్రికలకి మొదటిదే నచ్చింది, జనం నోళ్ళలో అదే నిలబడింది. తర్వాత లెక్కలు తీస్తే పెరిగినవి ఎక్కువగా షాపుల్లో చిన్న దొంగతనాలు, చెల్లని చెక్కులు, సంక్షేమ సాయం కోసం తప్పుడు వివరాలు ఇవ్వడం లాంటివి. చేసినవాళ్ళలో పెద్ద ఉద్యోగస్తులు అరుదు. అద్దె కట్టలేని వాళ్ళు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకునేవాళ్ళు ఎక్కువ. స్వేచ్ఛ ఎక్కువై చేసిన పనుల్లా నాకైతే కనిపించడం లేదు.

పాతఫైలు
కోర్టు రికార్డు సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. నా అనుభవంతో ఒక మాట. అరెస్టుల లెక్కలో చేసినవాళ్ళ పని ఎంత ఉంటుందో, పట్టుకున్నవాళ్ళ పని కూడా అంతే ఉంటుంది. పోలీసుకిచ్చిన రూలు మారితే మనుషులు మారకుండానే లెక్క మారిపోతుంది.

అమెరికాలో జరిగిందే చెప్తాను. 1981-82లో మినియాపొలిస్ పోలీసులతో ఒక ప్రయోగం చేయించారు. ఇంట్లో కొట్టిన కేసుల్లో కొందరిని అరెస్టు చేశారు, కొందరికి నచ్చజెప్పి వదిలేశారు, కొందరిని కొన్ని గంటలపాటు ఇంటి నుంచి పంపేశారు. అరెస్టయినవాళ్ళు మళ్ళీ చెయ్యి చేసుకోవడం తక్కువని తేలింది. దాంతో ఫిర్యాదు వస్తే అరెస్టు చేసి తీరాలని చాలా రాష్ట్రాలు రూలు పెట్టాయి. ఉద్దేశం మంచిదే. అమల్లోకి వచ్చాక ఏమైందో చూడండి. పోలీసు గుమ్మంలోకి వచ్చేసరికి మొగుడి చెంప మీద గోటి గీత, అది ఎర్రగా కనిపిస్తోంది. పెళ్ళాం మెడ పట్టుకుని నొక్కాడు, ఆ కమిలిన మచ్చ పైకి తేలడానికి మర్నాడు అవుతుంది. చూసింది రాసుకుని ఇద్దరినీ బండి ఎక్కించారు. కొన్ని చోట్ల ఆవిడ ఒక్కర్తినే. అసలు దాడి ఎవరిదో ముందు తేల్చుకోండి అని తర్వాత చట్టాల్లో విడిగా రాయాల్సి వచ్చింది.

లెక్కలపిచ్చి
పాతఫైలుగారు చెప్పినదానికి లెక్కల్లో సాక్ష్యం ఉంది. 1980 నుంచి 2003 దాకా అమెరికా లెక్కల్ని డారెల్ స్టెఫెన్స్‌మైర్ బృందం రెండు వైపుల నుంచి చూసింది. ఒకటి పోలీసుల అరెస్టుల లెక్క. రెండోది ఇంటింటికీ వెళ్ళి "మీ మీద ఎవరైనా దాడి చేశారా, చేసింది ఆడా మగా" అని బాధితులనే అడిగే సర్వే. అరెస్టుల్లో ఆడవాళ్ళ వాటా బాగా పెరిగింది. బాధితులు చెప్పినదాంట్లో మాత్రం ఆ పెరుగుదల దాదాపు కనిపించదు. దెబ్బలు తిన్నవాళ్ళకి తెలియకుండా ఆడవాళ్ళు ఎక్కువ కొట్టడం మొదలుపెట్టారని అనుకోలేం కదా.

స్కూల్లో పిల్లల జుట్లు పట్టుకునే గొడవలు, తల్లీకూతుళ్ళ తోపులాటలు, ఇంతకు ముందు మందలించి వదిలేసేవి, ఇప్పుడు దాడి కేసులుగా నమోదవుతున్నాయి. ఆ తేడా చాలావరకు అందులోంచే.

సందేహాలపుట్ట
అరెస్టుల సంగతి అర్థమైంది. జైళ్ళు నిండటం మాత్రం? మందలింపు కేసులకి ఎవరూ ఏళ్ళ తరబడి లోపల ఉండరు కదా.

నల్లకోటు
ఉండరు. లోపల ఏళ్ళ తరబడి ఉంచేది చాలా దేశాల్లో డ్రగ్స్ చట్టాలు. థాయిలాండ్ ఆడ జైళ్ళలో అత్యధికులు ఆ కేసులవాళ్ళే. లాటిన్ అమెరికాలోనూ చాలా చోట్ల అంతే. నేను న్యాయ సహాయం తరఫున కేసులు చూస్తాను కాబట్టి లోపల మెకానిజం ఎలా ఉంటుందో చెప్తాను.

ఈ చట్టాల్లో శిక్ష సరుకు బరువుని బట్టి పడుతుంది. మోసింది ఎవరు, లాభం తిన్నది ఎవరు అన్నది తర్వాతి మాట. కుట్రలో భాగమని రుజువైతే ముఠా మొత్తం అమ్మిన సరుకు బరువు మీ నెత్తిన కూడా పడొచ్చు. కెంబా స్మిత్ కేసు చూడండి. అమెరికాలో కాలేజీ అమ్మాయి. బాయ్‌ఫ్రెండ్ డ్రగ్ ముఠా నడిపేవాడు, కొట్టేవాడు. ఆ అమ్మాయి సరుకు అమ్మిందని ప్రాసిక్యూషన్ కూడా అనలేదు. అయినా 255 కిలోల క్రాక్ కొకైన్‌కి బాధ్యురాలని 24 సంవత్సరాల 6 నెలల శిక్ష వేశారు. జైల్లో ఉండగానే బిడ్డని కంది. ఆరేళ్ళ పైన లోపల గడిపాక, 2000 డిసెంబరులో అధ్యక్షుడు క్లింటన్ శిక్ష తగ్గిస్తే బయటికొచ్చింది.

ఇందులో మెలిక ఎక్కడుందంటే, కనీస శిక్ష నుంచి తప్పించుకోవడానికి ఉన్న పెద్ద దారి పోలీసులకి సమాచారం ఇవ్వడం. పైవాళ్ళ పేర్లు, గోడౌన్లు, డబ్బు దారులు చెప్తే తగ్గిస్తారు. ముఠాలో ఎంత పైన ఉంటే అంత సమాచారం. సంచీ మోసిన ఆడమనిషికి సంచీ ఇచ్చినవాడి ముద్దుపేరు తప్ప ఏమీ తెలియదు. బేరం ఆడడానికి ఆవిడ దగ్గర ఏమీ ఉండదు. కెంబా స్మిత్‌కైతే ఆ బాయ్‌ఫ్రెండ్‌ని ఎవరో చంపేశారు, చెప్పడానికి ఆ ఒక్కడూ మిగల్లేదు. పెద్దవాడు పదేళ్ళతో బయటపడి, చిన్నది ఇరవై ఏళ్ళు లోపలుండే పరిస్థితి ఇలా వస్తుంది.

గోడమీదపిల్లి
అన్నీ ఒకవైపే చెప్తున్నారు. నేను కూడా చదివే మాట్లాడుతున్నాను. 2012లో సోన్యా స్టార్ అనే లా ప్రొఫెసర్ అమెరికా ఫెడరల్ కేసులు తీసి చూపించింది. ఒకే రకమైన అరెస్టు, ఒకే రకమైన పాత చరిత్ర ఉన్నా మగవాడికి పడే శిక్ష సగటున 63 శాతం ఎక్కువ. దోషులుగా తేలిన ఆడవాళ్ళు జైలుకి వెళ్ళకుండా బయటపడే అవకాశం మగవాళ్ళకి రెట్టింపు. దీనికి ఏమంటారు? జడ్జీలకి ఆడవాళ్ళంటే జాలి. ఒప్పుకోండి.

నల్లకోటు
పిల్లిగారూ, ఆ అధ్యయనం నిజమే, నేను కాదనను. కోర్టులో కళ్ళారా చూస్తాను. కాకపోతే ఆ 63 శాతం మొత్తాన్నీ జాలి ఖాతాలో వేయడం తొందరపాటు. పిల్లల బాధ్యత, ముఠాలో రెండో మూడో స్థానం, ఇవి కూడా లెక్కలోకి వస్తాయా అని ఆవిడే పరిశీలించింది. కొంత భాగానికి అవి కారణం కావచ్చంది, మొత్తానికి కాదంది. నేనూ అంతే అంటాను.

ఇంకో సంగతి. ఆ జాలి అందరికీ సమానంగా దొరకదు. చీర కొంగు సరిచేసుకుని, తల దించుకుని, పిల్లల పేరెత్తగానే ఏడ్చే ఆవిడ మీద కోర్టు హాలంతటికీ జాలే. పక్క కేసులో ఆవిడ నోరున్న మనిషి, ఒంటి మీద పచ్చబొట్టు, పిల్లల్ని వదిలేసి వచ్చిందని ప్రాసిక్యూటర్ ముందే చెప్పేశాడు. ఆవిడ చేసింది ఇంకా చిన్న నేరమైనా ఆ హాలు మూడ్ వేరు. మగ ముద్దాయిని "మంచి తండ్రివేనా" అని అడగడం నేనెప్పుడూ వినలేదు.

నిశాచరి
పచ్చబొట్టు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 1893లో ఇటలీలో చేజరే లాంబ్రోసో, తర్వాత అల్లుడైన ఫెరేరోతో కలిసి నేరస్త స్త్రీల మీద ఏకంగా ఒక గ్రంథం రాశాడు. పుర్రెలు కొలిచాడు, దవడలు కొలిచాడు, పచ్చబొట్లు లెక్కపెట్టాడు. ఆడవాళ్ళలో పుట్టు నేరస్తులు తక్కువేనట, కానీ ఉన్న ఆ కొద్దిమంది మగవాళ్ళని మించిన రాక్షసులట. ఎందుకంటే నేరం చేయడమే కాక ఆడతనానికి కూడా ఎదురు తిరిగారట. పుర్రెలు కొలవడం ఎప్పుడో మానేశారు, ఆ రెండో మాట మాత్రం టీవీ డిబేట్లలో ఈ రోజుకీ వినిపిస్తుంది. ఇద్దరు కలిసి హత్య చేస్తే థంబ్‌నెయిల్ మీద పెద్ద ఫొటో ఎవరిదో చూడండి.

విషకన్యఫ్యాన్
అసలు ఆడవాళ్ళ నేరాలు బయటికి వస్తే కదా లెక్క 😂 వంటింట్లో ఏం కలిపారో ఎవడికి తెలుసు. దొరికినవాళ్ళే 7 శాతం, దొరకనివాళ్ళు ఇంకెంతమందో.

మోడరేటర్
జోకులు జోకుల విభాగంలో. ఇక్కడ వాదన ఉంటే వాదన పెట్టండి.

లెక్కలపిచ్చి
జోకులా ఉన్నా 1950లో ఒట్టో పోలాక్ అనే నేరశాస్త్రవేత్త ఇదే సీరియస్‌గా రాశాడు. ఆడవాళ్ళు మగవాళ్ళంత నేరాలు చేస్తారు, ఇంటి గోడల మధ్య, విషాలతో, కనపడకుండా చేస్తారు, పోలీసులూ జడ్జీలూ మొహమాటపడి వదిలేస్తారు అని. దాచేయడం వాళ్ళ స్వభావమని కూడా అన్నాడు. నిరూపించే లెక్క ఏదీ చూపించలేదు. ఇంటి గోడల మధ్య ఎవరు ఎవరిని చంపుతున్నారో ఇప్పుడు లెక్కలున్నాయి. నేను పైన చెప్పిన 2019 నివేదికలోనే ఉంది, జీవిత భాగస్వామి చేతిలో చనిపోయినవాళ్ళలో 82 శాతం ఆడవాళ్ళు.

పాతఫైలు
మిగిలిన 18 శాతంలో ఏముందో కూడా చూడాలి. అందులో అన్నీ ఆత్మరక్షణ కేసులని నేననను. డబ్బు కోసం, వేరే సంబంధం కోసం చంపినవాళ్ళ ఫైళ్ళు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. కానీ ఏళ్ళ తరబడి తన్నులు తిని చివరికి చంపిన కేసు అయితే చట్టం దగ్గర ఒక చిక్కు ఉండేది, అది ఆసక్తికరమైనది.

ఇంగ్లండులో రెచ్చగొట్టడం వల్ల చంపితే హత్య నేరం తగ్గేది. షరతు ఏమిటంటే ఆ క్షణంలో హఠాత్తుగా అదుపు తప్పి ఉండాలి. బార్‌లో ఒకడు తల్లిని తిట్టాడు, ఇంకొకడు సీసా ఎత్తి కొట్టాడు, ఆ రకానికి సరిగ్గా సరిపోతుంది. బలం తక్కువైన మనిషి ఏం చేస్తుంది? కొడుతున్నప్పుడు ఎదురు తిరిగితే ఆవిడే పోతుంది. అతను నిద్రపోయేదాకా ఆగుతుంది. ఆగింది కాబట్టి హఠాత్తు కాదు, పథకం ప్రకారం హత్య. ఈ "హఠాత్తు" సూత్రాన్ని స్థిరపరిచిన 1949 డఫీ కేసులో ముద్దాయి ఎవరనుకున్నారు? మొగుడి చేతిలో దెబ్బలు తిని, అతను పడుకున్నాక చంపిన భార్యే.

నలభై ఏళ్ళ తర్వాత, 1989లో, కిరణ్‌జిత్ అహ్లువాలియా నిద్రపోతున్న భర్త మీద పెట్రోలు పోసి నిప్పంటించింది. అంతకు ముందు పదేళ్ళు పడిన హింస కోర్టులో సరిగా బయటికే రాలేదు. యావజ్జీవం వేశారు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంఘం పట్టుబట్టి పోరాడింది. 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పు రద్దు చేసి మళ్ళీ విచారించమంది. మానసిక స్థితి దెబ్బతిని ఉందన్న కారణంతో నేరం తగ్గింది, అప్పటికే గడిపిన జైలు కాలం సరిపోతుందని వదిలేశారు. "హఠాత్తు" అనే షరతు తీసేయడానికి మాత్రం 2009 చట్టం దాకా పట్టింది.

ఆడిట్‌కళ్ళు
ఇప్పటిదాకా పేదవాళ్ళ కేసులే నడుస్తున్నాయి. మొదట అడిగిన ఉద్యోగస్తుల సంగతి నేను చెప్తాను, అది నా ఏరియా.

సైమన్ థియరీ నిజమైతే ఆడవాళ్ళు కార్పొరేట్ ఆఫీసుల్లో ఇంతమంది ఉన్నారు కాబట్టి పెద్ద మోసాల్లో కూడా ఇంతమంది ఉండాలి. 2013లో అమెరికాలో 83 కార్పొరేట్ మోసాలు, 436 మంది ముద్దాయిలని పరిశీలించారు. ఆడవాళ్ళు పదిలో ఒక్కరు కూడా లేరు. ఉన్నవాళ్ళు కూడా చాలావరకు పథకం వేసినవాళ్ళు కారు. రెండే దారుల్లో లోపలికి వచ్చారు. ఒకటి, పెద్ద ముద్దాయికి భార్యో, సన్నిహితురాలో కావడం. రెండోది, సంతకం పెట్టాల్సిన కుర్చీలో ఉండటం. అంటే అకౌంట్స్‌లో ఎంట్రీ వేసే మనిషి లేకుండా మోసం ముందుకు కదలదు కాబట్టి ఆవిడని కలుపుకున్నారు. వచ్చిన డబ్బులో వాటా చూస్తే అందరికంటే తక్కువ, చాలామందికి ఏమీ రాలేదు.

నేను చూసిన ఒక కేసులో (కంపెనీ పేరు వద్దు) ప్రతి నెలాఖరున రాత్రి ఎనిమిది తర్వాత ఒకే లాగిన్ నుంచి రౌండ్ ఫిగర్ ఎంట్రీలు. ఎవరో అని చూస్తే అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, కొత్తగా చేరిన అమ్మాయి. ఆ మెయిల్స్ తిరగేస్తే ప్రతి ఎంట్రీకి ముందు పైనుంచి రెండు ముక్కల మెసేజ్: "ఎంట్రీ వేసేయ్, రేపు సరిచేద్దాం." ఆ రేపు ఎప్పుడూ రాలేదు. ఎంక్వైరీలో మొదటి పేరు ఆ అమ్మాయిదే వచ్చింది, ఎందుకంటే సిస్టమ్‌లో ఉన్నది ఆ లాగినే. పైవాళ్ళ మెసేజ్‌లు ఆ సిస్టమ్‌లో కనపడవు.

రక్తపరీక్షల కంపెనీ థెరానోస్ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్ లాంటి వాళ్ళు లేరా అంటే ఉన్నారు. 2022లో 11 ఏళ్ళ పైన శిక్ష పడింది. సొంత కంపెనీ, సొంత నిర్ణయాలు. అలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కాబట్టే అందరికీ ఆ పేరు గుర్తుంటుంది. అదే స్థాయి మోసం చేసిన మగ సీఈవోల పేర్లు పది చెప్పమంటే ఆలోచించి ఆలోచించి మూడు చెప్తాం.

గోడమీదపిల్లి
ఆడిట్‌గారూ, మీ లెక్క ప్రకారం ఆడవాళ్ళకి ఎప్పుడూ బుద్ధి ఉండదు, ఎవరో ఒకరు చేయిస్తారు. ఇది వాళ్ళని అవమానించడం కాదా? ఎంట్రీ తప్పని ఆ అమ్మాయికి తెలియదా?

ఆడిట్‌కళ్ళు
తెలుసు. రెండో నెల నుంచి కచ్చితంగా తెలుసు. ఎంక్వైరీలో ఆవిడా అదే చెప్పింది. ఉద్యోగం పోయింది, పోవాల్సిందే. నాకు మింగుడుపడనిది ఆ మెసేజ్ పంపినవాళ్ళు రాజీనామా లెటర్లతో బయటపడటం.

నిశాచరి
పిల్లిగారి ప్రశ్నకి బలం ఉంది. మనుషుల అక్రమ రవాణా చూడండి. ఐక్యరాజ్యసమితి 2020 నివేదికలో శిక్ష పడ్డవాళ్ళలో మూడోవంతు కంటే ఎక్కువ ఆడవాళ్ళు, చాలా నేరాల్లో ఇంత వాటా ఉండదు. ఊరి అమ్మాయిలని నమ్మించి తీసుకొచ్చేది, గదుల్లో కాపలా ఉండేది, డబ్బు వసూలు చేసేది వీళ్ళే. వీళ్ళలో చాలామంది ఒకప్పుడు అలాగే అమ్ముడుపోయి వచ్చినవాళ్ళు. అప్పు తీరాలంటే ఇంకో అమ్మాయిని తీసుకురమ్మంటారు, తీసుకొస్తారు. బాధితురాలా, నేరస్తురాలా అంటే రెండూ. తీసుకురాబడిన అమ్మాయికి మాత్రం ఈవిడ కథ విని ఓదార్పు దొరకదు. నన్నడిగితే శిక్ష వేయాలి, ఎంత వేయాలో తేల్చేటప్పుడు ఆ వెనకటి కథ వినాలి.

సందేహాలపుట్ట
నల్లకోటుగారూ, మీరు జైలు లోపలికి వెళ్తుంటారు కదా. అక్కడ ఆడ వార్డు, మగ వార్డు తేడా ఏమైనా కనిపిస్తుందా?

నల్లకోటు
ములాఖత్ రోజున గేటు దగ్గరే కనిపిస్తుంది. మగ వార్డు వైపు క్యూ రోడ్డు దాకా ఉంటుంది. తల్లులు, భార్యలు, చంకల్లో పిల్లలు, చేతుల్లో బట్టల సంచులు. ఆడ వార్డు కిటికీ దగ్గర నలుగురో ఐదుగురో, వాళ్ళు కూడా ఎక్కువగా ముసలి తల్లులు. భర్తలు ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోతారు. కొన్ని నెలలకి విడాకుల నోటీసు వస్తుంది, అది చదివి పెట్టమని మమ్మల్నే అడుగుతారు. లోపల ఎక్కువసార్లు వినే ప్రశ్న కేసు గురించి కాదు, "చిన్నది ఎవరి దగ్గరుంది" అని.

అమెరికా రాష్ట్రాల జైళ్ళలోని ఆడవాళ్ళని అడిగితే పదిమందిలో దాదాపు ఆరుగురు అంతకు ముందు శారీరక హింసో, లైంగిక హింసో అనుభవించామన్నారని 1999లో అక్కడి న్యాయశాఖే ప్రకటించింది. నా దగ్గర లెక్క లేదు కానీ, నేను చూసే వార్డులో ఆ మాట ఎవరినీ ఆశ్చర్యపరచదు.

జామీను ఇంకో గోడ. బెయిల్ వచ్చినా పూచీ పెట్టడానికి ఆస్తి కాగితం కావాలి. ఇంటి కాగితం భర్త పేరునో, మామగారి పేరునో ఉంటుంది, వాళ్ళు రారు. చిన్న దొంగతనం కేసులో ఆర్డర్ చేతిలో ఉండి కూడా వారాల తరబడి లోపలే ఉన్నవాళ్ళని చూశాను.

పాతఫైలు
2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు ఆడ ఖైదీల కోసమే వచ్చాయి, పిల్లల సంగతీ అందులో ఉంది. మొత్తం 70. గర్భిణులకి, చిన్నపిల్లల తల్లులకి వీలైనంతవరకు జైలు కాని శిక్ష చూడమని 64వ నియమం చెప్తుంది. తల్లితోపాటు బిడ్డని లోపల ఉంచుకోనిచ్చే వయసు దేశానికో తీరు. ఇండియాలో ఆరేళ్ళ దాకా, ఇంగ్లండులో పద్దెనిమిది నెలల దాకా. రెండిట్లో ఏది మంచిదో నాకు ఈ రోజుకీ తేలలేదు. ఆరేళ్ళ పిల్ల తలుపు అంటే బయటి నుంచి తాళం వేసేదని నేర్చుకుని వస్తుంది. పద్దెనిమిది నెలల పిల్లని తల్లి నుంచి విడదీయడం ఇంకో ఘోరం.

గోడమీదపిల్లి
సరే, డ్రగ్స్ చట్టాల సంగతి ఒప్పుకుంటాను, శిక్షల తేడా సంగతి మాత్రం ఒప్పుకోను. పిల్లలున్న మగవాళ్ళకి కూడా ఆ 64వ నియమం వర్తించాలి. ఒక్కడే పెంచుకుంటున్న తండ్రులు ఉండరా?

నల్లకోటు
ఉంటారు, వర్తించాలి. నేను అలాంటి తండ్రి తరఫున కూడా వాదించాను.

సందేహాలపుట్ట
నియమాలు ఉన్నాయి సరే, కోర్టులో జడ్జిగారు "ఇంటి దగ్గర పిల్లలున్నారా" అని నిజంగా అడుగుతారా?

నల్లకోటు
అరుదు. రోజుకి బోలెడు కేసులు, ఒక్కోదానికి నిమిషాలే టైమ్. మేమే ముందుకు తేవాలి. అందుకే బెయిల్ పిటిషన్ మొదటి పేరాలోనే పిల్లల వయసులు, ఈ రోజు ఎవరి దగ్గర ఉన్నారు, ఆ మనిషి ఎంతకాలం చూసుకోగలరు అని రాస్తాను. స్కూల్ సర్టిఫికెట్ కానీ టీకాల కార్డు కానీ జత చేస్తాను. పూచీ పెట్టేవాళ్ళు లేరని తెలిస్తే, సొంత పూచీకత్తు మీద వదలమని అదే పిటిషన్‌లో అడుగుతాను, ఆర్డర్ వచ్చాక మళ్ళీ తిరగకుండా. మీకు తెలిసినవాళ్ళ కేసు ఏదైనా నడుస్తుంటే ఆ కాగితాలు వాయిదా ముందు రోజే లాయరు చేతికి అందేలా చూడండి. వాయిదా రోజు పొద్దున తెస్తే ఫైల్లోకి ఎక్కవు.